జర్మనీలో సొంతగడ్డ

లేదు కాజ్, నేను తలుపు తియ్యను. ఎంతమంది తట్టినా సరే. కాసేపు ఈ బస్సులో నన్ను కూర్చోనీ, నీకు పుణ్యముంటుంది.

అయినా ఇదేం చోద్యం, చెప్పు! ఇవాళ మ్యాచ్ లేదు. మ్యాచ్‌లు జరిగే కాలమే కాదు, మే నెల. స్టేడియానికి తాళమేసి ఉంది. అయినా నీ స్నేహితులంతా పొద్దున్నే బస్సులూ ట్రక్కులూ వేసుకొచ్చి ఈ పార్కింగ్ స్థలం నింపేశారు. పొయ్యిలు రాజేసి సాసేజీలు కాలుస్తున్నారు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా మొహాలకి రంగులు పూసుకుని గెంతుతున్నారు. ఆ డోలు వినపడుతోందా?

వినపడే ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ నీకు నా గొంతు తప్ప అన్నీ వినపడేవిగా!

ఉండు, నీ జెర్సీ జారిపోతోంది. సర్దుతాను. నువ్వు పోయి రెండేళ్ళు దాటింది, అయినా ఈ మడత కుర్చీకి నీ జెర్సీ తొడిగి, పైన నీ టోపీ పెట్టి, ఎక్కడికంటే అక్కడికి మోసుకొస్తున్నారు. ఇందులో ఇంకెవరూ కూర్చోకూడదు. మొన్న కాళ్ళు లాగుతున్నాయని నేను కూర్చోబోతే జిగ్గీ ఏమన్నాడో తెలుసా? "వదినా, అది అన్నయ్య కుర్చీ" అన్నాడు. ఏం, నేనెవర్నట?

నీ ప్రాణస్నేహితుడి మాట కదా, నిలబడే ఉన్నాను.

గొడవేంటంటే, అక్టోబర్లో మన ఊళ్ళో జరగాల్సిన మ్యాచ్ ఒకటి, ఈ పోటీలు నడిపే లీగ్ వాళ్ళు జర్మనీలో పెట్టారు. అక్కడ కూడా మన అమెరికా ఫుట్‌బాల్ అంటే పడిచచ్చేవాళ్ళున్నారట. నిద్ర మానుకుని టీవీలో చూస్తారట. వాళ్ళకి మాత్రం కళ్ళారా చూడాలని ఉండదా అంటున్నారు. పైగా కాగితం మీద అది మన సొంతగడ్డ మ్యాచేనట!

"సముద్రం అవతల సొంతగడ్డేంటి, నా మొహం!" అని జిగ్గీ ఎగిరిపడ్డాడు. ఏడాది మొత్తానికి మనకి దక్కేవే ఏడెనిమిది ఆదివారాలు, అందులోంచి ఒకటి ఎత్తుకుపోతే ఎలా అంటాడు. దెబ్బలు తిన్న కుర్రాళ్ళు అంతసేపు విమానంలో మగ్గి, దిగీ దిగగానే గుద్దుకోవాలా అంటాడు. మన సరస్సు మీంచి వచ్చే గాలికి ఎదుటి జట్టు వేళ్ళు కొంకర్లు పోతాయి కదా, ఆ గాలిని కూడా విమానమెక్కిస్తారా అంటాడు.

అతనన్నదాంట్లో తప్పేం లేదు. వింటూ నేనూ తలూపాను. అదే నా కొంప ముంచింది.

బ్యానర్ మీద నా ఫొటో వేశారు కాజ్! నువ్వు ఆస్పత్రి మంచం మీద, అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, "లోరీ, సొంతగడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా తప్పించకు" అన్నావు చూడు, ఆ మాట పెద్దక్షరాల్లో రాసి కింద నా మొహం. అంతమందిలో అడిగితే నేనేమంటాను? సరే అన్నాను. ఒంటరిగా అడిగుంటే బేరమాడేదాన్ని.

ఇప్పుడు టీవీ వాళ్ళొచ్చారు. నేను బయటికెళ్ళి కెమెరా ముందు నిలబడి ఏడవాలి. "బలవంతమేం లేదు వదినా, ఏడుపొస్తేనే ఏడువు" అన్నాడు జిగ్గీ. పైగా మర్యాదొకటి!

నీకెప్పుడైనా తట్టిందా? మన పెళ్ళయిన దగ్గర్నుంచి, ఆగస్టు దాటితే నాకంటూ ఒక ఆదివారం లేదు. మన ఊళ్ళో మ్యాచైతే ఈ బస్సులో, చలికి వణుకుతూ ఉల్లిపాయలు తరగాలి. పై ఊళ్ళో అయితే మన ఇంటి కింద గదిలో టీవీ ముందు మీరంతా, ప్లేట్లు పట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ నేను. మ్యాచే లేని ఆదివారం ఒకటొస్తే ఈ బస్సుకి రంగులు! నువ్వు పోయాకైనా ఆగిందా? నీ బదులు నీ కుర్చీ వస్తోంది, అంతే తేడా.

అందుకే... ఎవరితోనూ అనకు. జర్మనీ మాట వినగానే నా గుండె గంతేసింది.

ఎందుకంటావా? వీళ్ళు లీగ్ వాళ్ళని తిడుతూనే విమానం టిక్కెట్లు కొనేశారు. తిట్టడం తిట్టడమే, మ్యాచ్ మ్యాచే కదా వీళ్ళకి! అంటే ఆ ఆదివారం వీళ్ళలో ఒక్కరు కూడా ఊళ్ళో ఉండరు. నా ఇల్లు నాది. నన్ను చూసేవాళ్ళుండరు, అడిగేవాళ్ళుండరు.

ఆ రోజు నేను యాపిల్ తోటకి వెళ్దామనుకున్నా.

ఎవరితోనా? ఎమ్మెట్ అని... మన చర్చిలో ఆర్గన్ వాయిద్యం బాగుచెయ్యడానికి వస్తుంటాడు. అలా చూడకు. ఏమీ లేదు. అతనికో చిన్న తోట ఉంది. వారమంతా ఊళ్ళు తిరుగుతాడు, ఆదివారం మధ్యాహ్నమే తీరిక. "అక్టోబర్లో పళ్ళు కోతకొస్తాయి, ఒక ఆదివారం వస్తారా లోరెటా గారూ?" అన్నాడు. అతనికి మన జట్టు రంగులేంటో కూడా తెలీదు కాజ్! మన బంతి గుండ్రంగా ఉండదని కూడా తెలీదేమో. నేను మాట్లాడుతుంటే నా మొహంలోకే చూస్తాడు. నా భుజం మీంచి టీవీ వంక చూడడు.

వస్తానన్నాను. అవును, అన్నాను.

నిజం చెప్పనా? ఈ ఒక్క మ్యాచేం ఖర్మ, అన్నీ పట్టుకుపొమ్మని మొక్కుకున్నాను. జర్మనీకి, బ్రెజిల్‌కి, ఎక్కడికైనా సరే. ఈ పార్కింగ్ స్థలంలో గడ్డి మొలవాలని కోరుకున్నాను.

ఎవరూ?... జిగ్గీనా? వస్తున్నానయ్యా, మొహం కడుక్కుంటున్నా. ఏంటీ?... కిటికీలోంచి ఇవ్వు. నాకా?... అందరూ కలిసా! అయ్యో, ఎందుకయ్యా... లేదు లేదు, సంతోషమే. సంతోషంతోనే. ఆ, వస్తున్నా.

చూశావా కాజ్? జర్మనీకి టిక్కెట్టు. నాకొకటి, పక్కన నీ కుర్చీకొకటి! "కాగితం మీద సొంతగడ్డ అన్నాక, అన్నయ్యకిచ్చిన మాట నిలబెట్టుకోవాల్సిందే కదా వదినా" అంటున్నాడు. ఇక్కడైతే ఇక్కడ, సముద్రం దాటితే సముద్రం దాటి. ఎటు తిరిగినా గోడే!

ఉండు. ఉండుండు.

సముద్రం అవతల సొంతగడ్డేంటి అన్నది ఎవరు? జిగ్గీయే కదా! నీ టోపీ ఇలా ఇవ్వు. ఇప్పుడే వస్తా.

*

జరుగు. నేను కూర్చోవాలి. ఎవరి కుర్చీ అయినా సరే, కూర్చోవాలి.

బ్రహ్మాండంగా మాట్లాడాను కాజ్. నువ్వు చూడాల్సింది. నీ టోపీ గుండెకి హత్తుకుని చెప్పాను. సొంతగడ్డంటే ఈ గడ్డే, మా ఆయనకి నేను మాటిచ్చింది ఈ గడ్డ గురించే అన్నాను. జర్మనీలో జరిగేదానికి వాళ్ళు ఏ పేరైనా పెట్టుకోనీ, నేను మాత్రం అడుగుపెట్టను అన్నాను. ఆ ఆదివారం నా ఇంట్లో, తలుపులేసుకుని, ఒంటరిగా కూర్చుంటానన్నాను. ఒంటరిగా అన్న మాట నొక్కి చెప్పాను.

డోలు ఆగిపోయింది. జిగ్గీ పెళ్ళాం వాండా భోరుమంది. మైకు పట్టుకున్న పిల్ల కూడా కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను, దొంగ ఏడుపు కాదు. తప్పించుకున్నానన్న ఆనందం అది.

అప్పుడు జిగ్గీ ముందుకొచ్చి, కెమెరా ముందే తన టిక్కెట్టు చింపేశాడు.

"వదిన వెళ్ళనప్పుడు మేమెలా వెళ్తాం? ఆవిణ్ణి ఒంటరిగా వదిలేస్తామా?" అన్నాడు. ఇక చూస్కో, అందరూ "వదిలేది లేదు! వదిలేది లేదు!" అని అరుపులు. ఆ ఆదివారం అందరూ మనింటికే వస్తారట. టీవీ కూడా పెట్టరట. పొద్దున్నించి చీకటిపడేదాకా నాతో కూర్చుని నిరసన తెలుపుతారట. బంగాళాదుంప కూరిన పియరోగీ కుడుములు చేద్దామంది వాండా. పిండి నన్ను కలిపి ఉంచమంది.

ప్రేమే, నాకు తెలుసు. ఒక్కడిలో కూడా కల్మషం లేదు. అందుకే కదా కసిరి బయటికి పొమ్మనలేకపోతున్నాను! ప్రేమతోనే పీక నొక్కేస్తుంటే ఎవరికి చెప్పుకోను?

నీ కుర్చీ కూడా తెస్తారు. హాల్లో, కిటికీ పక్కన వేస్తారట. జిగ్గీ చోటు కూడా చూసి పెట్టేశాడు.

వస్తున్నానమ్మా వాండా! ఉల్లిపాయలేగా, అక్కడ పెట్టు, తరుగుతాను.

ఎమ్మెట్‌కి ఏం చెప్పాలి కాజ్? లీగ్ అంటే, జర్మనీ అంటే, నిరసనంటే అతనికేం అర్థమవుతుంది? తేలిగ్గా అర్థమయ్యేట్టే చెప్తాలే. ఆ ఆదివారం కుదరదండీ, మా ఆయన ఇంట్లో ఉంటారు, అని చెప్తాను.