చన్నీళ్ళు తగిలిన పన్ను

పుప్పాలగూడలో ఒక పళ్ళ ఆసుపత్రి, ఉదయం. కుర్చీలో వాచ్‌మన్ లింగమూర్తి. పక్కన, అతన్ని కారులో తీసుకొచ్చిన అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటు సోమేశ్వరరావు. నోరు పరీక్షిస్తున్నది డాక్టర్ కృష్ణప్రియ.

“...అదేనండీ డాక్టరు గారూ, సెన్సిటివిటీ. టీవీలో చూపిస్తారు కదా, ఐస్‌క్రీమ్ తినగానే బుగ్గ పట్టుకుంటారు, అదే. ఏదో పేస్టు రాసిచ్చెయ్యండి, వెళ్ళిపోతాం.”

“ఆయన్ని చెప్పనివ్వండి సోమేశ్వరరావు గారూ. లింగమూర్తి గారూ, ఎక్కడ జివ్వుమంటోంది?”

“ఇగో, ముందట, మీది వరుసల పన్ను మేడం. గాలి పీల్చినా జివ్వుమంటది.”

“ఎప్పటి నుంచి?”

“పొద్దుగాల నుంచి.”

“చాలా రోజుల నుంచండీ! మా వాచ్‌మనే కదా, నాకు తెలీదా? వేపపుల్ల పెట్టి బరబరా తోముతాడు.”

“గట్టిగా తోమితే చిగురు జారుతుంది, నిజమే. పులుపు, కూల్‌డ్రింకులు ఎక్కువైతే పైపొర అరుగుతుంది. అప్పుడు చాలా పళ్ళు జివ్వుమంటాయి. అది మెల్లగా మొదలవుతుంది. మెత్తటి బ్రష్షు, మంచి పేస్టు వాడితే తగ్గుతుంది కూడా. ఇది అది కాదండీ. చిగురు గట్టిగానే ఉంది. పన్ను విరిగింది. లోపలి ఎరుపు కనిపిస్తోంది. పక్కది కదులుతోంది. పెదవి లోపల చీలింది.”

“పడ్డాడండీ.”

“పడ్డారా లింగమూర్తి గారూ?”

“పడ్డ మేడం.”

“ఎక్కడ?”

“గేటు కాడ.”

“మెట్ల మీదండీ.”

“గేటా, మెట్లా?”

“గేటు పక్కన మెట్లున్నాయి కదండీ... అక్కడే.”

“ఎక్స్‌రే తీయాలి. మీరు బయట కూర్చోండి.”

“నేనుంటానండీ, పర్లేదు.”

“ఉండకూడదు. తలుపేసి వెళ్ళండి.”

“సరేనండీ, బయటే ఉంటాను.”

“వెళ్ళారు. ఇప్పుడు చెప్పండి, ఎవరు కొట్టారు?”

“ఎవ్వలు కొట్టలే.”

“మెడ చుట్టూ వేళ్ళ అచ్చులున్నాయి, లింగమూర్తి గారూ.”

“...సార్ కొడుకు. శ్యామ్ బాబు.”

“ఎందుకు?”

“కొత్త కారు మేడం, స్టిక్కర్ లేదు. స్టిక్కర్ లేని బండి ఎవలిదైనా ఆపాలె, పేరు రాయాలె. ఆ రూలు పెట్టిందే గీ సారు. ఆపిన. దిగిండు. ‘నాకే గేటు మూస్తవారా’ అని అంగి గల్ల వట్టిండు. నా మొఖం తీస్కవొయి గేటుకు కొట్టిండు. ఇనుపగేటు మేడం. మల్ల గుంజిండు, మల్ల కొట్టిండు. పన్ను ముక్క నాలిక మీద పడ్డది. ఉమ్మితే నెత్తురు.”

“ఎవరూ ఆపలేదా?”

“ఆఫీసు బస్సుకు నిలవడ్డోళ్ళు చూసిన్రు. ఒకామె వీడియో తీసి గ్రూపుల పెట్టింది. ఆడు కారెక్కి సెల్లార్లకు వొయిండు. ఆ వీడియో చూసినంకనే సారు కిందికొచ్చిండు.”

“కేసు పెట్టండి. దెబ్బలు ఎలాంటివో నేను రాసిస్తాను.”

“వద్దు మేడం.”

“భయమా?”

“భయం గాదు.”

“మరేంటి? సరే, ముందు ఈ నరం సంగతి తెలియాలి. దెబ్బ తగిలాక చన్నీళ్ళు తగిలాయా?”

“...తగిలినయ్.”

“జివ్వుమని వెంటనే తగ్గిందా, అట్లాగే లాగుతూ ఉందా? వెంటనే తగ్గితే నరం బాగున్నట్టు. ఆగకుండా లాగితే లోపల దెబ్బతిన్నట్టు.”

“ఇంక గుంజుతనే ఉంది. నెత్తురు కడుక్కుందామని రెండో సెల్లార్ల నల్లా కాడికి వోయిన. పుక్కిలిస్తే మెదడుల మొల దిగినట్టాయె. ఓ అని మొత్తుకున్న. ఆ మొత్తుకోలు విని మల్ల వచ్చిండు.”

“శ్యామా?”

“ఎనుక నుంచి మెడ వట్టిండు. నోరు తెరువుమని, నల్లా కిందికి మూతి వెట్టి ఒత్తిండు. ధార ఇరిగిన పంటి మీదనే వడ్తుంది. వద్దు బాబు అన్న. కాళ్ళు మొక్కుత అన్న. నవ్వుతుండు మేడం. నేనెంత మొత్తుకుంటే అంత నవ్వుతుండు.”

“ఛీ! మనిషేనా వాడు! ఇంక కేసు వద్దంటే నేను ఊరుకోను. నేనే ఫోన్ చేస్తాను.”

“వద్దు మేడం, జర ఆగుండ్రి...”

“ఎక్స్‌రే అయిందా అండీ, లోపలికి రావచ్చా? ఏంటి, ఎవరికి ఫోను?”

“సోమేశ్వరరావు గారూ, మీ అబ్బాయి ఈయన్ని ఏం చేశాడో తెలుసా మీకు?”

“చూశానండీ, వీడియో చూశాను. కుర్రాడు, రాత్రంతా ఆఫీసు కాల్స్, ఆ టెన్షను. తప్పే. కాదన్ను. మూర్తీ, నీ పళ్ళన్నీ నేను బాగు చేయిస్తాను. నువ్వు మాత్రం పోలీస్ స్టేషన్ మెట్లెక్కకు.”

“ఎక్క సార్.”

“విన్నారా డాక్టరు గారూ? మా మూర్తి బంగారం. మీరే అనవసరంగా...”

“ఆయన మాట నమ్మకండి లింగమూర్తి గారూ! రేపు ఇంకొకర్ని కొడతాడు వాడు.”

“కొట్టడండీ. నేను చెబుతున్నాగా. మూర్తీ, సాయంత్రం వాణ్ణి నీ ముందు నిలబెడతాను. నీ కాళ్ళు పట్టించి మరీ సారీ చెప్పిస్తాను. సరేనా?”

“చెప్పలేడు సార్.”

“ఎందుకు చెప్పడు? వాడి బాబు చెబుతాడు!”

“నల్లా కాడ బోల్టులు విప్పే ఇనుప పానా ఉండె సార్. ఒక్కటేసిన, పడ్డడు. పడ్డంక గూడ కొట్టిన. మీరు కారెక్కుమంటే ఎక్కిన, అప్పటిసంది చెప్దామంటే నోరు వస్తలేదు. జనరేటర్ ఎనుక ఉన్నడు. నేనొచ్చేటప్పుడు ఊపిరాడుతుండె... ఉరుకుండ్రి సార్.”