రోజుకి మూడడుగులు

ఆసుపత్రి వెనక గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు దగ్గర నాలుగు గంటలయ్యేసరికి మేం నలుగురైదుగురం చేరతాం. లోపలికి పంపేది అయిదింటికి. ఆ గంట గడవడమే కష్టం. అందుకే గీతల బాబాయి వస్తే అందరం బెంచీ మీద కాస్త సర్దుకుని చోటిస్తాం. ఆయన గణాంకాల ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్యకి పక్షవాతం వచ్చి రెండో అంతస్తులో ఉంది. ఎవరు కనిపించినా చొక్కా జేబులోంచి కాగితం తీసి అందులో గీత చూపిస్తాడని లారీ డ్రైవరు ఆయనకి ఆ పేరు పెట్టాడు. ఆ రోజు కూడా టీ చేతికి రాకముందే కాగితం బయటికొచ్చింది.

"నేను చేసింది పెద్ద గొప్పేం కాదు" అన్నాడు. ఎప్పుడూ అలాగే మొదలుపెడతాడు.

"అందరూ రోగి దగ్గరికి పళ్ళు తీసుకొస్తారు, నేను ల్యాప్‌టాప్ తెచ్చాను, అంతే తేడా. మా ఆవిణ్ణి మొదటి రోజు లేపి నిలబెడితే ఆరడుగులు వేసింది. మర్నాడు పది. తర్వాత పదమూడు, పదహారు, పద్దెనిమిది. వ్యాయామం చేయించే అమ్మాయి మంచానికి తగిలించిన పుస్తకంలో రాసి పెడుతుంది, నేను సాయంత్రం చూసి ఎక్కించుకుంటాను. ఒక కాలమ్‌లో రోజు, పక్క కాలమ్‌లో అడుగులు. మొత్తం అయిదు వరసలు. ఇంకొకడైతే ఏమనుకుంటాడు, హమ్మయ్య పెరుగుతున్నాయి అనుకుని ఇంటికెళ్ళి పడుకుంటాడు. నేను పడుకునే రకమా? సాఫ్టువేరు తెరిచాను. మెనూ లోపల ఇంకో మెనూ, దాని లోపల ఇంకోటి, అక్కడ ఓ మూల కూర్చుని ఉంటుంది లీనియర్ రిగ్రెషన్. ఏది దేన్నిబట్టి మారుతుందని అడిగింది. అడుగులు రోజునిబట్టి అని చెప్పాను. కన్ను మూసి తెరిచేలోగా చుక్కల మధ్యలోంచి గీత గీసి చేతికిచ్చింది."

"ఎంతొచ్చిందేంటి?" అన్నాడు లారీ డ్రైవరు. ఆయన తమ్ముడు కాలు విరిగి అదే అంతస్తులో ఉన్నాడు. ఈ కథ వినడం ఆయనకి కనీసం పదోసారి, అయినా అడుగుతాడు.

"స్లోప్ మూడు. అంటే రోజు గడిచేకొద్దీ మూడేసి అడుగులు పెరుగుతాయన్నమాట. ఇంటర్‌సెప్ట్ మూడు పాయింట్ ఆరు. అంటే ఏంటో తెలుసా? సున్నా రోజున, అంటే ఇంకా లేపక ముందు, మంచం మీద కట్టెలా పడున్న రోజున కూడా ఆవిడ మూడడుగుల పైన నడిచిందన్నమాట. మనకి కనపడలేదు, గీతకి కనపడింది. అంతకు రెండు రోజులు వెనక్కి పోతే మైనస్ రెండొస్తుంది. అంటే అప్పుడావిడ వెనక్కి నడుస్తోంది. నేనే పక్కన కూర్చుని కూడా గమనించలేదు చూడు."

టీ కొట్టు ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆవిడకి బాబాయంటే ఇష్టం, ఎదురుగా నవ్వదు.

"ఇంతా చేస్తే అది అసలు సంగతే కాదు. ఆరో రోజు పొద్దున్న ఫ్లాస్కు ఇవ్వడానికి పది నిమిషాలు లోపలికి వదులుతారు కదా, అప్పుడు ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పాను, ఇవాళ నువ్వు ఇరవై రెండు నడుస్తావు, నా గీత చెబుతోంది అని. సాయంత్రం వచ్చి పుస్తకం తిరగేస్తే ఎంతుందో తెలుసా? ఇరవై రెండు. ఏడో రోజు ఇరవై అయిదన్నాను, ఇరవై అయిదు. ఎనిమిదో రోజు ఇరవై ఎనిమిది, మళ్ళీ అంతే. ఒక్క అడుగు అటూ ఇటూ లేదు. పిల్లిలా వచ్చి ఎవరో కొలిచిపెట్టినట్టు. నా సర్వీసులో వానకీ పంటకీ గీత కట్టాను, బళ్ళకీ ప్రమాదాలకీ కట్టాను, ఒక్కటీ మాట వినలేదు. ఆర్ స్క్వేర్ అని ఓ అంకె ఉంటుంది, గీతకీ నిజానికీ ఎంత పొత్తు కుదిరిందో చెప్పేది. సున్నాకీ ఒకటికీ మధ్య ఉంటుంది. మా ఆఫీసులో అది సగం దాటితే స్వీట్లు పంచేవాళ్ళం. ఇక్కడ మొదటి గీతకే తొంభై ఎనిమిది శాతం. వారానికి తొంభై తొమ్మిది. ఆ పైన నిండు ఒకటి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఒకటి దాటింది" అన్నాడు లారీ డ్రైవరు.

"ఒకటింబావు. పుస్తకాలు రాసినవాళ్ళు కుదరదంటారు, వాళ్ళు మా ఆవిణ్ణి చూడలేదు. సాఫ్టువేరుకే అనుమానం వచ్చి తెర మీద అడిగింది, అయ్యా, ఇంతవరకూ ఇలాంటిది చూళ్ళేదు, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని. ఉంచు అన్నాను. ఇక పీ వాల్యూ సంగతి వినండి. ఇదంతా ఏదో గాలివాటంగా కుదిరిందనడానికి ఎంత అవకాశం ఉందో అది చెబుతుంది. ఎంత చిన్నదైతే మనకంత ధైర్యం. ప్రింటు ఇచ్చాను. పాయింటు పెట్టి సున్నా, సున్నా, సున్నా. కాగితం అయిపోయింది. రెండో కాగితమూ సున్నాలే. ఇంటర్నెట్ షాపువాడు కట్ట విప్పాడు, అదీ అయిపోయింది. పక్క వీధి నుంచి ఇంకో మెషీను మోయించుకొచ్చాడు. సాయంత్రానికి సిరా అయిపోయింది కానీ చివరనుండాల్సిన ఒకటి మాత్రం రాలేదు. ఆ కాగితాలన్నీ మా ఇంట్లో ముందుగది నిండా ఉన్నాయి, పక్కకి ఒత్తిగిలి నడవాల్సొస్తోంది."

"మరి పెద్ద డాక్టరేమన్నాడు?" అని నేనే అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

ఆయన కాగితం మోకాలి మీద పెట్టి అరచేత్తో సాపుచేశాడు. "రేపు పదింటికి రమ్మన్నాడు. ఇంకో ఆరు వారాలు వ్యాయామం గదిలో ఉంచాలా, ఇంక లాభం లేదని ఇంటికి పంపెయ్యాలా, రేపు తేలుస్తారట. పంపేస్తే ఇంక మంచమే. ఇంట్లో ఆవిణ్ణి లేపి నిలబెట్టడానికి ఎవరున్నారు? నా నడుము పనికిరాదు. భయంగానే ఉంది, లేదని ఎందుకనాలి." మళ్ళీ వెంటనే గొంతు సవరించుకున్నాడు. "కానీ ఈ గీత ఉందిగా. రేపు నేను దీన్ని బల్ల మీద పెట్టగానే ఆయన లేచి తన కుర్చీలో నన్ను కూర్చోబెడతాడు. మిగతా డాక్టర్లని పిలుస్తాడు, నలభైమంది. గది చాలక కొందరు కిటికీలోంచి చూస్తారు. విమానంలో వచ్చిన ఓ ముసలి డాక్టరు కళ్ళజోడు తుడుచుకుని, బాబూ, ఇన్నాళ్ళూ మేం చేసిన వైద్యమంతా ఎందుకు, ఈ గీత ముందే కనిపించి ఉంటే సరిపోయేది కదా అంటాడు."

"రేపు జరగబోయేది కూడా చెప్పేస్తున్నావే బాబాయ్" అన్నాడు లారీ డ్రైవరు.

"చెప్పడానికే కదయ్యా గీత. వందో రోజుకి మూడొందల నాలుగడుగులు, ఈ గేటు దాకా వచ్చి నాకు టీ ఇప్పిస్తుంది. ఏడాదికి పదకొండు వందలు, కూరలకి తనే వెళ్తుంది. పదేళ్ళకి పదివేల తొమ్మిది వందలు, చుట్టాలందరిళ్ళకీ పొద్దున్నే నడిచి వెళ్ళి భోజనాలకి ఇంటికొచ్చేస్తుంది. యాభై ఏళ్ళకి ఆవిడకి నూట ఎనిమిదొస్తాయి, రోజుకి యాభై నాలుగు వేల అడుగులు, నేను వెనకాల చెప్పులు పట్టుకుని కాస్త ఆగవే, కాస్త ఆగవే అని పరిగెడుతుంటాను."

"అయితే నేను లారీ అమ్మేసుకోనా? సరుకంతా పిన్నిగారే మోస్తారుగా."

"ఇప్పుడే బేరం పెట్టు, తర్వాత ఎవడూ కొనడు. లక్షేళ్ళకైతే పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి భూమి చుట్టి వస్తుంది."

"మధ్యలో సముద్రం అడ్డొస్తేనో?" అంది టీ కొట్టు ఆవిడ.

"గీతకి సముద్రమేంటమ్మా. నా దగ్గరున్నవి రెండే కాలమ్‌లు. రోజు ఒకటి, అడుగులొకటి. సముద్రానికి కాలమ్ లేదు. ముసలితనానికి లేదు. చావుకీ లేదు." ఆ చివరి మాట నవ్వుతూనే అన్నాడు కానీ మాలో ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన గ్లాసులో టీ అలాగే ఉంది, మీద మీగడ కట్టింది.

టీ కొట్టు ఆవిడ చెయ్యి తుడుచుకుని కాగితం అందుకుంది. మాట మార్చడానికే అనుకుంటాను. వేలితో చుక్కలు ఒక్కోటీ లెక్కపెట్టింది. "ఆవిడ నడక మొదలెట్టి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులన్నారు కదా. చుక్కలు పద్దెనిమిదే ఉన్నాయి బాబాయిగారూ."

లారీ డ్రైవరు తొంగిచూసి అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నది చదివాడు. నాలుగు వరసలు ఖాళీగా ఉన్నందువల్ల లెక్కలోకి తీసుకోలేదని ఉంది.

"అది సాఫ్టువేరు మర్యాద" అన్నాడు బాబాయి. "ఖాళీ గడి కనిపిస్తే తనే పక్కన పెట్టేస్తుంది, నిలదియ్యదు. ఈ నాలుగు రోజులూ ఆవిడ విశ్రాంతి తీసుకుంటోంది. విశ్రాంతిని ఎవరైనా అడుగుల్లో కలుపుతారా?"

బెంచీ చివర నీలం చొక్కా వేసుకున్న ఒకాయన అంతదాకా మాట్లాడకుండా టీ తాగుతున్నాడు. లోపల చక్రాల కుర్చీలు తోసే మనిషి. డ్యూటీ వేళలు మారాయని ఆ రోజే మొదటిసారి ఆ టైముకి వచ్చాడు. గ్లాసు కింద పెట్టి మెల్లగా అన్నాడు.

"ఖాళీ ఎందుకుంటుంది సార్. పుస్తకంలో సున్నా అని రాసుందిగా."

బాబాయి ఆయన వైపు చూడలేదు. "సున్నా వేస్తే గీత వంగిపోతుంది తమ్ముడూ" అన్నాడు.

ఆ మనిషి బెంచీ మీద ఆయన వైపు జరిగాడు. అమ్మగారు చెప్పొద్దన్నారు కానీ రేపటి సంగతి విన్నాక చెప్పకుండా ఉండలేకపోతున్నానని అన్నాడు. ఆవిడ నడిచేటప్పుడు వెనకాల కుర్చీ పట్టుకుని వెళ్ళేది ఈయనేనట. ఆవిడ పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటుందట. పొద్దున్న భర్త చెప్పిన అంకె రాగానే కూర్చుంటుందట. మొదట్లో ఓపికుండేదట, ఇంకో పది వెయ్యండమ్మా అని వ్యాయామం అమ్మాయి బతిమాలినా ఒప్పుకునేది కాదట, ఎక్కువేస్తే ఆయన లెక్క తప్పుతుంది అనేదట.

"చివరి వారం మాత్రం ముప్పై దగ్గరే కాలు ఈడ్చేది సార్. మడమ వాచిపోయింది. కూర్చోండమ్మా అంటే ఇంకా ఇరవై ఎనిమిదున్నాయి బాబూ అని గోడ పట్టుకుని వేసింది. యాభై ఎనిమిదీ వేసింది. కూర్చున్నాక ఏడ్చింది. ఆ మర్నాటి నుంచి కాలు కింద పెట్టలేదు."

ఎప్పుడూ ఏదో ఒకటి అనే లారీ డ్రైవరు తల దించుకుని చెప్పు కొనతో మట్టి గీకుతున్నాడు. పద్దెనిమిది చుక్కలు అంత ముద్దుగా గీత మీద ఎందుకు కూర్చున్నాయో నాకప్పుడు అర్థమైంది. ఆయనకి మాకంటే ముందే అర్థమై ఉంటుంది. ఆయన పని అదే కదా.

"నాతో చెప్పొచ్చుగా" అన్నాడు బాబాయి.

"సాయంత్రం మీరు పుస్తకం చూసి మొహం వెలిగిపోతూ తలెత్తుతారట. రోజంతటికీ ఆవిడకి అదొక్కటే బాగుంటుందట సార్."

ఆయన కాగితం మడతపెట్టబోయాడు. పాత మడతల మీదే మడవాలి, రెండుసార్లు తప్పు మడిచాడు. "ఇవాళ పొద్దున్న కూడా చెప్పాను. డెబ్బై" అన్నాడు.

"విన్నాను సార్. మీరు వెళ్ళాక అమ్మగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం కూడా వద్దన్నారు."

అయిదయింది. గేటు దగ్గర గంట కొట్టారు. మేమంతా లేచాం. ఆయన ఫ్లాస్కు భుజానికి తగిలించుకుని నిలబడ్డాడు కానీ అడుగు వెయ్యలేదు. నీలం చొక్కా ఆయన్ని అడిగాడు, ఇప్పుడు పైకెళ్ళి ఆవిడతో ఏం చెప్పమంటావు అని.

"అంకె తప్ప ఇంకేదైనా చెప్పండి సార్."

ఆయన తల ఊపాడు. గేటు తీశారు, జనం లోపలికి పోతున్నారు. ఆయన నా వైపు తిరిగి, ఇరవై రెండు రోజుల్లో ఆవిడతో అంకె తప్ప ఇంకేం మాట్లాడానో ఒక్కటీ గుర్తు రావట్లేదయ్యా అన్నాడు.