క్లిప్పు తీయించి తాడు ముడి వేయించిన సంగతి

నా పేరు బి. కృపావరం. తండ్రి పేరు దావీదు, గతించారు. వయస్సు అరవై ఎనిమిది. వృత్తి: ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగు సంవత్సరాలు తెలుగు పండితుణ్ణి, ప్రస్తుతం విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నివాసం ఆళ్లగడ్డ. నన్ను ఎవరూ పిలిపించలేదు. ఈ కేసులో నా పూర్వ విద్యార్థి కరుణాకర్‌ను ముద్దాయిగా చేర్చబోతున్నారని తెలిసి, ఈ రోజు, అనగా 16-9-2025 మంగళవారం ఉదయం తొమ్మిదిన్నరకు, నేనే వచ్చి ఎస్.ఐ. గారి ఎదుట చెబుతున్నాను.

నీళ్లలో మునిగిపోయిన వారిని వెదికే ఒక ప్రైవేటు గజ ఈతగాళ్ల బృందం మా ఊరిలో ఉంది. దాని నాయకుడు వెంకటేష్. వారివద్ద రెండు నీటి అడుగు స్కూటర్లు ఉన్నాయి. బ్యాటరీతో తిరిగే రెక్క ఉన్న యంత్రం అది. మీట నొక్కితే మనిషిని నీటిలో ముందుకు లాగుతుంది. లాగే బరువు చేతులపై పడకుండా యంత్రానికి ఒక తాడు ఉంటుంది. ఆ తాడు కొసన ఉన్న ఇత్తడి క్లిప్పును ఈతగాడి నడుము పట్టీ ఉంగరానికి తగిలిస్తారు.

స్కూటర్లను కడగడం, రబ్బరు చుట్టలకు గ్రీజు పూయడం, తాడు అమర్చడం కరుణాకర్ పని. అతడు బోరు మోటార్ల మెకానిక్కు. వయస్సు ముప్పై ఎనిమిది. ఉద్యోగ విరమణ తరువాత ఆ బృందంలో చేరాను; తనిఖీ చేసి రిజిస్టరులో రాయడం నా పని. కంపెనీవారి ఆంగ్ల పుస్తకాన్ని పద్నాలుగు సూత్రాలుగా తెలుగులో రాసి, యంత్రాలు ఉంచే షెడ్డు గోడకు అంటించినవాణ్ణి కూడా నేనే. అందులో తొమ్మిదవది: “అపాయంలో తాడు ఒక్క చేతితో విడిపోవాలి.” ఆ వాక్యం నాది.

6-9-2025 శనివారం అవుకు జలాశయంలో సాధన జరుగుతుండగా, స్ప్రింగు అరిగిన క్లిప్పు తెరుచుకుని ఒక స్కూటరు జారి అడుగుకు పోయింది. సాయంత్రం దాకా వెదికి తీశారు. అందరూ వింటుండగా వెంకటేష్, “మీ బుక్కులో అన్నీ టిక్కులే ఉండాయి సార్, స్కూటర్ మాత్రం బురదలో ఉండాది” అన్నాడు. కొందరు నవ్వారు. ముప్పై నాలుగు సంవత్సరాలలో నా మొహం మీద ఎవరూ అలా నవ్వలేదు.

8వ తేదీ సోమవారం ఉదయం పదకొండు గంటలకు షెడ్డులో, క్లిప్పు తీసివేసి తాడును నేరుగా ఉంగరానికి కట్టమని కరుణాకర్‌తో చెప్పాను. అతడు తల గోక్కుని, “కొత్త క్లిప్పు చెప్పినాం గదా సార్, వారం దినాల్లో వస్తాది. ఆగుదాం” అన్నాడు.

“మోటారు బోరులో జారిపోకుండా ఎలా కడతావు?” అని అడిగాను.

“రెండు ముళ్లు ఏసి పైన బైండింగు తీగ చుడతాం సార్. అది జారితే బోరే పోతాది.”

“అలాగే కట్టు.”

“ఇది బోరు గాదు గదా సార్. దీనికి మనిషి తగులుకోనుంటాడు.”

“చెప్పింది చెయ్యి” అన్నాను. పదవ తరగతిలో కూడా అతనితో ఈ మాటే అనేవాణ్ణి. అతడు కట్టాడు. రెండు ముళ్లు, పైన తీగ. నేను లాగి చూశాను. గట్టిగా ఉంది.

ఇక్కడ రాస్తున్న హెడ్‌కానిస్టేబుల్ గారు “తాడు కట్టబడినది” అని రాశారు. దానిని కొట్టివేసి “నేను కట్టించాను” అని రాయవలసిందిగా కోరాను. రాశారు.

13వ తేదీ శనివారం ఉదయం పదిన్నరకు అవుకు గట్టున బృందంలోని ఈతగాడు క్రాంతి కుమార్ సాధనకు ఆ స్కూటరు తీసుకున్నాడు. వయస్సు ఇరవై తొమ్మిది; అతడూ నా విద్యార్థే. ముడి చూసి, “క్లిప్పు యాడ సార్? ఇదేందీ?” అని అడిగాడు. కరుణాకర్ నా వైపు చూశాడు. నేను, “ఊడిపోకూడదని నేనే చెప్పాను” అన్నాను.

క్రాంతి తీగను గోటితో తట్టి, “బోరు మోటారు చేసినావు గదన్నా నన్ను” అన్నాడు.

“నోరు మూసుకోని దిగప్పా. నీ మాదిరి వాగే మోటారు యాడా లేదు” అన్నాడు కరుణాకర్. ఇద్దరూ నవ్వుకున్నారు. క్రాంతి నాకు నమస్కారం చేసి దిగాడు. ఎప్పుడూ చేసే దిగుతాడు.

పది గంటల యాభై రెండు నిమిషాలకు నీటి బుడగలు ఒక్కసారిగా గట్టునుండి దూరంగా పోసాగాయి. మీట సందులో ఒండ్రు ఇరుక్కుని మోటారు ఆగలేదని తరువాత తెలిసింది. ఒండ్రు ఇరుక్కోవడం ఎవరి తప్పూ కాదు. అలాంటప్పుడు విడిచిపెట్టడానికే క్లిప్పు ఉంటుంది. వెంకటేష్ దిగి వెంటపడ్డాడు. క్రాంతి కత్తితో తాడు కోయబోయాడట. చేతికి అందే మేర తీగ చుట్టి ఉన్నందువలన కత్తి దిగలేదట. స్కూటరు అతణ్ణి పదిహేడు మీటర్ల లోతుకు ఈడ్చుకుపోయింది. వెంకటేష్ నడుము పట్టీనే కోసి పైకి తెచ్చాడు. పదకొండు గంటలకు నాలుగు నిమిషాలు తక్కువ. క్రాంతి ముక్కునుండి, రెండు చెవులనుండి రక్తం వస్తోంది. అతని వేళ్ల గోళ్లు విరిగి ఉన్నాయి. అవి ముడిని విప్పబోయిన వేళ్లు.

అతనిని నంద్యాల ఆసుపత్రికి తరలించారు. నేను వెళ్లలేదు. షెడ్డుకు వెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు రిజిస్టరులో 8వ తేదీ ఎదుట ఖాళీగా విడిచిన గడిలో, “క్లిప్పు తీసి తాడు ముడి వేసినది: కరుణాకర్, సొంత నిర్ణయం” అని రాశాను. నా దస్తూరి గుండ్రంగా, చక్కగా ఉంటుంది. ఆ వాక్యం కూడా చక్కగానే వచ్చింది.

ఆదివారం చర్చిలో వాక్యం చదవమన్నారు. గొంతు బాగాలేదన్నాను. ఆ మధ్యాహ్నం నంద్యాల వెళ్లాను. క్రాంతికి ఊపిరితిత్తి చిరిగిందనీ, ఎడమ చెవి ఇక వినబడదనీ, మళ్లీ నీళ్లలోకి దిగకూడదనీ వైద్యులు చెప్పారు. అతని తల్లి ఏసమ్మ వరండాలో నా చెయ్యి పట్టుకుని, “మీరు చూసినాక గదా సారూ నా కొడుకు దిగేది. ఆ కరుణాకర్‌కు కండ్లు యాడికి పోయినాయి సారూ” అని ఏడ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కట్టించింది నేనేనని చెప్పలేదు.

నిన్న సోమవారం సాయంత్రం కరుణాకర్‌ను ఈ స్టేషనులో విచారించారు. రిజిస్టరు చూపించి అడిగితే అతడు, “సారు రాసిండాడంటే నిజమే లే సార్. నేనే కట్టినా” అన్నాడని వెంకటేష్ నాతో చెప్పాడు. ఆగమన్నది తానేనని ఒక్క మాట అనలేదట. నేను రాసిన అబద్ధాన్ని నా విద్యార్థి తన నోటితో నిజం చేశాడు.

కరుణాకర్ కట్టింది నిజం. వద్దన్నది కూడా నిజం. కట్టించింది నేను. క్రాంతి అడిగినప్పుడు ఆపకుండా దింపింది నేను. 13వ తేదీ మధ్యాహ్నం రాసి 8వ తేదీన రాసినట్లు చూపింది నేను. రిజిస్టరులో ఇరవై మూడవ పుటను ఎస్.ఐ. గారికి చూపించాను. ఆ గడిలోని సిరా, చుట్టూ ఉన్న గడులలోని సిరా వేరువేరు అని వారు గమనించారు.

ఇప్పుడు నేను లోపలికి వస్తుండగా కరుణాకర్ బయట బల్లపై కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

పై సంగతులను చదివి వినిపించారు. నేను మరొకసారి కళ్లద్దాలు పెట్టుకుని చదువుకున్నాను. ఎవరి బలవంతమూ లేదు. ఇందులో నాకు తెలిసి అబద్ధం లేదు. పోలీసుల ఎదుట చెప్పిన దానికి సంతకం అక్కరలేదని ఎస్.ఐ. గారు అన్నారు. పెడతానన్నాను.

(సం.) బి. కృపావరం
16-9-2025, ఉదయం 11.20