సంగటి ఎవురన్నా నములుతారా

పుంగనూరు, 2008. ఎరువుల అంగడి కొండప్ప బెంగుళూరులో లావు తగ్గేందుకు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకుని వచ్చి నాలుగు నెలలైంది. మధ్యాహ్నం, వంటింట్లో అతనూ తల్లి సుభద్రమ్మా.

“మళ్లా కక్కినావా?”

“లేదుమా.”

“మరి పెరట్లో అంతసేపు యాల ఉండావు?”

“ముఖం కడుక్కున్యా.”

“మూడుసార్లా? కొండప్పా, నువ్వు దాస్తే కడుపు దాస్తాదా? నిన్న అంగట్లో కండ్లు తిరిగి పడితివంట. నీ పెండ్లాం వరలక్ష్మి ఏడస్తా చెప్పింది.”

“దానికి ఏడ్సేదే పని. నూటముప్పై కేజీలుండేవాణ్ణి, ఇప్పుడు తొంభై. మదనపల్లికి మోటారుసైకిల్లో పోయొస్తాండా.”

“పోయొస్తావు, దావలో కక్కుతావు. డాక్టరేమన్యాడు?”

“లోపల అంతా బాగుండాదంట. అయినా కక్కు ఆగలేదని, సోమవారం మళ్లా కోసి సూస్తారంట. నేను పోను.”

“పోకుంటే?”

“పోనంటే పోను. ఒకసారి కోసింది చాలు. తింటే తింటా, లేకుంటే...”

“ఆ లేకుంటే నా ముందర అనొద్దు. కక్కేదానికి బెల్లం ఏమన్నా తిన్యావా?”

“తింటే చెమట్లు, గుండె దడ. అది ఎప్పుడో మానేసినా. రాగులు మంచిదన్యారు, అదే తింటాండా.”

“సంగటా?”

“సంగటే. నిమ్మకాయంత. అదీ నిలవడంలా.”

“ఎట్ల తింటాండావు?”

“ఎట్లేంది? ముద్ద తుంచి, పులుసులో అద్ది, మింగుతా.”

“నమలవా?”

“సంగటి ఎవురన్నా నములుతారా?”

“డాక్టరు నమలమనలా?”

“అన్నీ నమలమన్యాడు. అన్నం నములుతాండా, కూర నములుతాండా. సంగటి గురించి ఆయప్పకేం తెలుసు?”

“అదేరా అడ్డం పడేది. గుప్పెడంత కడుపులోకి ముద్దకు ముద్ద యాడ దిగతాది? ఈ రెండు దినాలు నమిలి తిను. నిలవకుంటే సోమవారం నేనే తోడొస్తా.”

“నమలను.”

“యాల?”

“చిన్నప్పుడు ఒకసారి నమిలితే నాయన వీపు మీద ఒకటి పెట్టినాడు. ‘మడక దున్నే ఇంట్లో పుట్టి సంగటి నములుతావా’ అన్యాడు. నీకు గుర్తులేదేమో, నాకుండాది. కుప్పం పెండ్లిలో నా ఆకులో మూడు మెతుకులు సూసి పంక్తి అంతా నగిన్యారు. పడినా. సంగటి నమిలేవోడని మాత్రం అనిపించుకోను.”

“నాయన నమల్లేదనేగా?”

“ఆయప్ప పొయ్యేదాకా మింగినోడే. నా కండ్లతో సూసినా.”

“కడపటి మూడేండ్లు సూసినావా?”

“అప్పుడు... నువ్వు గదిలో పెట్టి వాకిలి మూసేదానివి. ఎవురూ రావొద్దంటివి.”

“గొంతులో గడ్డ లేసి ముద్ద దిగలా. నమిలి నమిలి తిన్యాడురా, కండ్లనీళ్లు పెట్టుకోని. పిల్లోల్లకు తెలిస్తే ఇంట్లో ఉండనన్యాడు. దానికే మూసినా.”

“మా...”

“ఆయప్పకు మూసినా. నీకు ముయ్యను. వరలక్ష్మిని పిలుస్తా, నట్టింట్లో కూచోని నములు.”