నాలుగు గుర్రాల ఖరీదు

మెకానిక్ షెడ్డులో అద్దాల గది ముందు భార్యాభర్తలు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. అద్దం అవతల వాళ్ల మోటార్‌సైకిలు, పట్టీలతో బిగించి కట్టేసి ఉన్నా, చక్రం కింద తిరిగే రోలర్ల మీద ఉన్నచోటే వంద కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతోంది.

"దీనికెంత అడిగాడండీ?"

"మామూలు సర్వీసు కంటే కాస్త ఎక్కువ."

"ఆ కాస్త ఎంతో చెప్పండి."

"మన నెల ఇంటద్దె అంత."

"అడుగు కదలని బండికి నెల అద్దె! దాన్ని ఇంట్లో పడుకోబెట్టి మనం వీధిలో ఉంటే సరిపోయేది."

"అలా కాదే. ఇక్కడ పరుగెత్తిస్తూ, ఇంజను ఎక్కడ నీరసపడుతోందో కంప్యూటర్లో చూసి సరిచేస్తారు. నాలుగు గుర్రాల బలం పెరుగుతుందట."

"ఆఫీసు దారి నిండా సిగ్నళ్లే. మీ నాలుగు గుర్రాలూ ఎర్రలైటు ముందు నిలబడి ఏం చేస్తాయి, సకిలిస్తాయా?"

"ఆఫీసు కోసం కాదు."

"మరి?"

"మీ పుట్టింటికి ఎక్కే ఎత్తురోడ్డు కోసం."

ఆమె అద్దం మీంచి చూపు తిప్పి అతని వైపు చూసింది.

"పోయినసారి సగంలో బండి మొరాయిస్తే నువ్వు దిగి నడిచావు. మీ తమ్ముడు కారు అద్దం దించి, 'ఎక్కక్కా, బావ మెల్లగా వస్తాడులే' అన్నాడు."

"నాకు నడకంటేనే ఇష్టమన్నాగా వాడితో."

"అన్నావు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని మరీ నడిచావు."

అద్దం అవతల ఇంజను ఒక్కసారి గర్జించి ఆగింది.

"ఏమండీ."

"ఊఁ."

"ఇంకో రెండు గుర్రాలు పడతాయేమో అడగండి. ఈ ఆదివారం అమ్మవాళ్లింటికి వాడూ వస్తున్నాడు."