సూదికి బదలీ మనిషి

2021 దీపావళి సెలవులు. సూరత్‌లోని గోడాదరాలో, మరమగ్గాల పనికి కెన్యా పోబోతున్న భర్త, అతని బట్టలు సర్దుతున్న భార్య మాట్లాడుకుంటున్నారు.

“ఎల్లో ఫీవర్ సూది తప్పదంటనే. టైఫాయిడ్‌ది మన ఇష్టమంట. అది వద్దు.”

“మరి కరోనాది?”

“రెండు డోసులు పడ్డట్టు కాగితం ఉన్నది కద!”

“కాగితం నీ దగ్గర ఉన్నది. మందు మా ఉమాకాంత్ ఒంట్ల ఉన్నది.”

“కాగితం లేంది సేఠ్ కార్ఖానల అడుగు పెట్టనియ్యకపాయె. సూదంటే నాకు భయమని నీకెర్కనే. నీ తమ్ముడు నా పేరు మీద పోయి జర సాయం చేసిండు.”

“నువ్వు పనికి పోని దినం బదలీ మనిషొచ్చి మగ్గం నడుపుతడు, బట్ట దిగుతది. సూదికి గూడ బదలీ పెట్టినోన్ని నిన్నొక్కన్నే చూసిన. ఆడ నీకు రోగమొస్తే, దగ్గు ఈడ మా తమ్మునికి వస్తదా?”

“పోచమ్మ తల్లి చూసుకుంటది.”

“నేను గూడ ఆ తల్లికే మొక్కుత. కని డాక్టర్లను ఎందుకు పుట్టించిందో జర అడిగినవా?”

“మళ్ల ఇయ్యమంటే ఇస్తరా మరి?”

“ఉన్నదున్నట్టు చెప్పు. తిడితే తిట్టనియ్యి.”



“సరే, రేపు దవాఖానకు పోదాం. కని వాళ్లకు నువ్వే చెప్పరాదు? నాకు సిగ్గైతది.”

“మళ్ల ఇంకొకర్ని తోలుతున్నవా! తోడొస్త గని, నోరు నువ్వే తెరువాలె, అంగీ చెయ్యి నువ్వే మడవాలె.”