రేపొస్తయి

ఎనభైల్లో, దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణదారు కౌన్సిలర్‌గా నిలబడ్డాడు. ఎల్బీ నగర్ పక్క కొత్త కాలనీలో మొదటి గడపలోనే తన దుకాణంలో చీరలు కొనే పాత గిరాకీ ఒకామె ఎదురైంది.

"నమస్తే అక్కా. ఓటు నాకే వెయ్యాలె."

"నల్లా నీళ్లెప్పుడొస్తయి సేటూ?"

"రేపొస్తయక్కా."

ఇరవై ఏళ్ల వ్యాపారంలో లేదన్న మాట అనెరగడు. నోరు దానంతటదే అనేసింది.

"ఆకుపచ్చంచు చీర గూడ రేపొస్తదంటివి. దసరాకడిగితి, ఉగాది పాయె."

"చీర సంగతి వేరక్కా."

"వేరే మరి! చీర లేకుంటె ఇంకోటి కట్టుకుంట. నీళ్లు లేకుంటె ఏం తాగాలె? మా గల్లీల ముప్పై ఇండ్లున్నయి, నా మాట ఇంటరు. నిజం చెప్పు."

అబద్ధానికి గిరాకీ ఉంది. కానీ ఈమె సరుకు తిప్పి చూసే మనిషి.

"రెండేండ్లదాంక రావు. పైపు ఇంకా దిల్‌సుఖ్‌నగర్ దాటలే. గెలిస్తె దినం తప్పించి దినం ట్యాంకర్ తెప్పిస్త. గంతే నాతోనయ్యేది."

"నిన్నొచ్చినాయన వారంల నల్లా పెట్టిస్తనన్నడు."

"మరి ఆయనకే ఏస్తరా?"

"ఈ కాలనీల సగం మంది నీ గిరాకీలే, అందరు నీ 'రేపొస్తది' ఇన్నోళ్లే. నీ ఒక్కని మాట ఎవ్వలు నమ్మరు. జర ఆగు, చెప్పులేసుకొని నేను గూడ వస్త."